తెలిసిన ప్రశ్నకు తెలియని మొహం

మా ఛత్రినాక గల్లీలో ఇంజినీరింగ్ చదివిన పిల్లలకు కొదవ లేదు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి రిటైరయ్యానని అందరికీ తెలుసు. కూరగాయలకని బయటికి వచ్చినా ఎవరో ఒకరు ఆపుతారు. "ఆంటీ, ఇంటర్వ్యూల ఏమేం అడుగుతరు?" అని అడుగుతారే తప్ప, ఆ ఉద్యోగంలో రోజూ చేసే పనేమిటి అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. పిల్లల్ని అని లాభం లేదు. వాళ్లకు తెలిసిపోయింది, ఆ రెండింటికీ సంబంధం లేదని.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊరికి ఈ చివర నుంచి ఆ చివరికి కంపెనీ బస్సులో పోయి వచ్చాను. ప్రోగ్రాములు రాశాను, రాయించాను, చాలా ఏళ్లు ఇంటర్వ్యూ ప్యానెళ్ల మీద కూర్చున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. అవి ఎట్లా వస్తాయో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. నేను రాయాలనుకుంటున్నది మనుషుల్ని ఎట్లా ఎంచుకుంటున్నాం అన్నదాని గురించి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, కాబట్టి చదివేవాళ్లు కొంచెం ఓర్చుకోవాలి.

మూర్తి గారి కాగితాలు

నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది మూర్తి గారు. అబిడ్స్‌లో రెండో అంతస్తులో చిన్న కంపెనీ. ఆయన ఏలూరు వైపు మనిషి. ఇంటర్వ్యూకని కొత్త చీర కట్టుకుని, చదివినవన్నీ నెమరు వేసుకుంటూ పోయాను. ఆయన నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కట్టెడు కాగితాలు నా ముందు పడేశారు. ఎవరో రాసిన ప్రోగ్రాము అది, ప్రింటు తీసి పెట్టారు.

"ఇది రాసినాయన మానేసి వెళ్లిపోయాడమ్మా. అదిగో, ఆ బల్ల దగ్గర కూర్చుని చదువు. ఏం అర్థమైందో చెప్పు, ఏం అర్థం కాలేదో కూడా చెప్పు. తొందరేం లేదు," అని తన పనిలో పడిపోయారు.

మధ్యాహ్నం దాకా చదివాను. టీ పంపించారు. తర్వాత పోయి నాకు అర్థమైనంత చెప్పాను. "ఇక్కడ లెక్కలోంచి ఒకటి ఎందుకు తీసేస్తున్నాడో మాత్రం ఎంత చూసినా తెలియలేదు సార్" అన్నాను, ఉద్యోగం పోయినట్టే అనుకుంటూ.

ఆయన నవ్వారు. "నాకూ తెలియలేదమ్మా. రేపటి నుంచి వచ్చెయ్."

మూర్తి గారు దేవుడేం కాదు. సెలవు అడిగితే మొహం మాడ్చుకునేవారు. నాకు పెళ్లి కుదిరిందని చెప్తే, శుభాకాంక్షలకన్నా ముందు "ఎప్పుడు మానేస్తున్నావ్?" అని అడిగారు. ఆ మాటకు ఆయన మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. కానీ మనిషిని ఎంచుకోవడం ఆయనకు వచ్చు. ఈ ఉద్యోగంలో ఎక్కువ భాగం మనది కానిదాన్ని చదవడమేనని, ఎప్పుడో వెళ్లిపోయినవాళ్లు ఏ ఉద్దేశంతో ఏం రాశారో పట్టుకోవడమేనని ఆయనకు తెలుసు. అదే పని చేయించి చూశారు. అంతకన్నా సూటి పద్ధతి నేను తర్వాత ఎక్కడా చూడలేదు.

ఇరానీ హోటళ్లు ఎన్ని?

తర్వాత పెద్ద కంపెనీకి మారాను. అక్కడ మా డైరెక్టర్ వినోద్ సార్‌కు పొడుపు కథల పిచ్చి. ఇంటర్వ్యూకు వచ్చిన ప్రతివాణ్ణీ ఏదో ఒక చిక్కుముడిలో పడేసి చూసేవారు. ఒకసారి షా అలీ బండ నుంచి ఇమ్రాన్ అనే కుర్రాడు వచ్చాడు. మా వైపు వాడని నాకు లోపల సంతోషం, పైకి చూపించలేదు.

"హైదరాబాద్‌లో ఇరానీ హోటళ్లు ఎన్ని ఉంటాయో చెప్పు," అన్నారు వినోద్ సార్.

ఆయనకు కావలసింది ఏమిటంటే, ఊరి జనాభా ఇంత అనుకుందాం, అందులో చాయ్ తాగేవాళ్లు ఇంతమంది, ఒక్కో హోటల్‌కు ఇంతమంది, అంటూ గాలిలో లెక్క వేసుకుంటూ పోవడం. ఇమ్రాన్‌కు ఆ సంగతి తెలియదు. వాడు నిజంగా అడిగారనుకున్నాడు.

"సార్, చాయ్ బిస్కట్ ఒక్కటే దొరికేటియా, బిర్యానీ గూడ దొరికేటియా? కొన్ని బందైనయ్, పేరు మాత్రం అట్లనే ఉంది. అవి గూడ లెక్కల వెయ్యాల్నా?" అని అడిగి, చార్మినార్ దగ్గర మొదలుపెట్టి గల్లీ గల్లీ చెప్పుకుంటూ వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. వినోద్ సార్ మధ్యలోనే ఆపేశారు. వాడు పోయాక, "మాటను మాటగా పట్టుకుంటాడు, ఆలోచన లేదు," అని తీసేశారు.

నేను ఊరుకోలేదు. "సార్, ఏది లెక్క, ఏది లెక్క కాదు అని ముందు అడిగాడు. రేపు క్లయింటు దగ్గర కూడా అదే అడుగుతాడు. మన తగాదాలన్నీ అది అడగకపోవడం వల్లే కదా?" అన్నాను.

"మేడం, మనకు తెలిసినవాడు అక్కర్లేదు. ఆలోచించేవాడు కావాలి," అన్నారాయన.

తెలిసి ఉండటం ఒక లోపంగా మారడం నేను చూసింది అప్పుడే. ఇమ్రాన్ ఇంకెక్కడో చేరి బాగానే ఉన్నాడని తర్వాత విన్నాను. వాడికి నష్టమేం లేదు. మాకే మంచి మనిషి పోయాడు.

రజిత

పొడుపు కథల ఫ్యాషన్ కొన్నాళ్లకు పోయింది. దాని జాగాలో కోడింగ్ ప్రశ్నలు వచ్చాయి. ఒక లెక్క ఇస్తారు, అరగంట టైము, ఎదురుగా ఒకరు చూస్తూ ఉంటారు, పైకి మాట్లాడుతూ ప్రోగ్రాము రాయాలి. ఈ ప్రశ్నలు ఆకాశం నుంచి ఊడిపడవు. అడిగేవాళ్లు, చెప్పేవాళ్లు, అందరూ అవే రెండు మూడు వెబ్‌సైట్ల నుంచి తెచ్చుకుంటారు. అడిగేవాడికి జవాబు ముందే తెలుసు. చెప్పేవాడికీ తెలుసు. తెలిసినట్టు మాత్రం ఎవరూ అనకూడదు. అది ఇక్కడి మర్యాద.

ఆ మర్యాద రజితకు తెలియదు.

రజిత మా టీంలో పదకొండేళ్లు పనిచేసింది. గౌలిపురలో పాల వ్యాపారం చేసే కుటుంబం వాళ్లది. ఇంట్లో ఆఫీసు మెట్లెక్కిన మొదటి మనిషి తనే. మేము ఆస్పత్రులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. ఒకసారి ఒక ఆస్పత్రి నుంచి ఒకటే లొల్లి. ఒకే రోగికి ఒకే రోజు రెండు మంచాల కిరాయి పడుతోంది. మావాళ్లంతా లెక్క ఎక్కడ తప్పిందా అని ప్రోగ్రాంలో వెతుకుతున్నారు. రజిత ప్రోగ్రాం ముట్టుకోలేదు. ఆస్పత్రికి పోయి బిల్లింగ్ కౌంటర్ వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది. రోగిని ఐసీయూకు మార్చినప్పుడు, తిరిగి వచ్చేసరికి పాత మంచం వేరేవాళ్లకు పోతుందేమోనని అక్కడి నర్సులు కంప్యూటర్లో దాన్ని ఖాళీ అయినట్టు నొక్కడం లేదు. వాళ్ల భయం వాళ్లది. రజిత "మంచం ఆపి ఉంచాలి" అని వేరే బటన్ ఒకటి పెట్టించింది. లొల్లి ఆగిపోయింది.

ఆమె పనంతా అట్లాగే ఉండేది. ఆ పని గురించి పెద్దగా ఎవరూ చెప్పుకోలేదు. చెడిపోయినప్పుడు అరిచినట్టు, బాగున్నప్పుడు ఎవరూ అరవరు కదా.

నేను రిటైరయ్యాక కంపెనీ ఆ సాఫ్ట్‌వేర్‌నే మూసేసింది. టీం మొత్తాన్ని ఇంటికి పంపారు. రజిత కొత్త ఉద్యోగం వెతకడం మొదలుపెట్టింది. మొదటి ఇంటర్వ్యూ అయ్యాక మా ఇంటికి వచ్చింది. ఆఫీసులో నన్ను మేడం అనేది, ఇంటికొస్తే అక్కా అంటుంది.

"ఎట్లయింది?" అని అడిగాను.

"గొలుసు ప్రశ్న అడిగిండక్కా."

గొలుసు ప్రశ్న అంటే, ఒక పొడుగాటి గొలుసులో ఎక్కడైనా చుట్టు పడిందా అని కనుక్కోవడం. దానికి ఒక చిట్కా ఉంది. గొలుసు వెంట ఇద్దరిని పంపాలి, ఒకరు మెల్లగా, ఒకరు వేగంగా. చుట్టు ఉంటే వేగంగా పోయేవాడు తిరిగొచ్చి మెల్లగా పోయేవాణ్ణి కలుస్తాడు. ఎవరో మేధావికి ఎన్నడో తోచింది, మిగతా మనమంతా చదివి నేర్చుకున్నాం. నా ఉద్యోగం మొత్తంలో పనిలో దాని అవసరం ఎన్నడూ పడలేదు.

"మరి తెలుసు కదా నీకు?"

"ఎర్కే. గదే చెప్పిన. సార్, ఇది నాకు ఎర్కే, మొన్ననే చేసిన, వేరేది అడుగున్రి అన్న."

నేను తల పట్టుకున్నాను. ఆయన నిజంగానే వేరేది అడిగాడు. ఎక్కడా కనపడనిది, చాలా కష్టమైనది. రజిత ఆలోచించేటప్పుడు మాట్లాడదు, ఎన్నడూ మాట్లాడలేదు. కాసేపు నోరు మూసుకుని కూర్చుంటుంది, తర్వాత సరైన మాట ఒక్కటి చెప్తుంది. టైము అయిపోయింది. 'ఆలోచనా శక్తి తక్కువ, కమ్యూనికేషన్ తక్కువ' అని రాసి పంపేశారు. అదే రోజు, అదే గొలుసు ప్రశ్నకు, మొదటిసారి చూస్తున్నట్టు మొహం పెట్టినవాళ్లు సెలెక్టయి ఉంటారు. తర్వాత ఇంకో రెండు చోట్ల కూడా ఇట్లాగే నిజం చెప్పి ఉత్త చేతులతో వచ్చింది.

అప్పటికి ఆమె ఉద్యోగం పోయి ఏడాది కావస్తోంది. మా లైన్లో గ్యాప్ అంటే చాలా చెడ్డది. ఏడాది దాటితే రెజ్యూమె మనిషి కళ్లదాకా కూడా రాదు, కంప్యూటరే పక్కకు తోసేస్తుంది. వాళ్ల అన్నకు పాల సెంటర్ ఉంది, కౌంటర్ మీద కూర్చోమంటున్నాడు.

"అన్న మంచోడే అక్కా. నన్ను బర్వుగ ఏం చూస్తలేడు," అంది రజిత. "గని ఒక్కసారి ఆడ కూసున్ననంటే ఇగ లేవ. నాకు ఎర్కే. నాకు నా పనే కావాలె."

ఏడవలేదు. మామూలుగానే చెప్పింది.

కార్తీక్‌తో లొల్లి

ఆ కంపెనీల్లో ఒకదానిలో కార్తీక్ ఉన్నాడు. ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు అక్కడ రోజూ ఇంటర్వ్యూలు చేస్తాడు. ఉండబట్టలేక ఫోన్ చేశాను.

"కార్తీక్, నిజం చెప్పిన మనిషిని తీసేసుడేంది?"

"మేడం, రూల్ ఏందంటే, తెలుసు అని చెప్తే ప్రశ్న మార్చాలి. మార్చినం."

"చెప్పనోళ్లకు మార్చరు గద?"

"వాళ్లకు తెలుసని మనకెట్ల తెలుస్తది?"

"నీకు తెల్వదా? నిజం చెప్పు."

"తెలుస్తది మేడం. అందరూ ఒక్క తీరుగనే ఆగుతరు. ముందు తప్పు దారి చెప్తరు, తర్వాత 'ఆగండి, ఇంకా మంచిగ చేయొచ్చు' అంటరు. కోచింగ్ల నేర్పుతున్నరు. నేను గూడ గట్లనే లోపలికి వచ్చిన."

"మరి ఏం చూసి మార్కులేస్తున్నవ్?"

"ఎంత మంచిగ చేస్తరో గది చూసి."

"ఏం చేసుడు? పనా, యాక్టింగా?"

"మేడం, నాకు నా పని ఉంది, దాని మీదికెళ్లి ఈ ఇంటర్వ్యూలు. ఫారంల నాలుగు గడులున్నయ్, నింపి పంపుతా. నిజం చెప్పిందా లేదా అన్న గడి అండ్ల లేదు. నేనేం జేయాలె?"

వాణ్ణి తిడదామనే ఫోన్ చేశాను. పెట్టేసేటప్పుడు వాడి మీద జాలేసింది. తెలివైన పిల్లవాడు. తెలివైనవాళ్లంతా ఒకరి ముందు ఒకరు కూర్చుని ఏమీ తెలియనట్టు నటించడానికి ఇంత పెద్ద అద్దాల మేడలు కట్టుకున్నాం. దీనికి మేము పెట్టుకున్న పేరు 'టెక్నికల్ అసెస్‌మెంట్'.

రిహార్సల్

రజితకు ఇంకొక పిలుపు వచ్చింది. గ్యాప్ లెక్కన చూస్తే ఇదే ఆఖరిది కావచ్చు. సరాసరి వచ్చి అడిగింది.

"అక్కా, గా యాక్టింగ్ నాకు నేర్పు."

"నేను నేర్పనమ్మా. నాకు మనసొప్పదు. నువ్వు ఉన్నట్టే ఉండు."

రజితకు కోపం వచ్చింది. ఆమెకు నా మీద కోపం రావడం అదే మొదటిసారి. "నువ్వు రిటైరైనవ్, నీకు ఏమన్న చెల్తది. ఉన్నట్టు ఉన్న, ఉండి ఇంట్ల కూసున్న. నాకు లోపలికి పోవాలె అక్కా. పోయినంక పని నేను మంచిగనే చేస్త గద?"

ప్యానెల్ మీద అన్నేళ్లు కూర్చున్నదాన్ని, వాళ్లకు ఏది నచ్చుతుందో నాకన్నా బాగా ఎవరికి తెలుసు? సరే అన్నాను.

మా ముందు గదిలో మొదలుపెట్టాం. బోనాల రోజులు, బయట డప్పులు, మైకులు. కిటికీలన్నీ మూసి, ఉక్కలో చెమటలు కక్కుతూ కూర్చున్నాం. నేను ప్రశ్న అడిగేదాన్ని. రజిత వెంటనే జవాబు చెప్పేసేది.

"అరే, ఆగమంటే! ప్రశ్న విని ముందు సంతోషపడాలె. 'మంచి ప్రశ్న' అనాలె. పెన్ను తిప్పాలె. ఇప్పుడు తప్పు దారి చెప్పు."

"తప్పని తెలిసి ఎట్ల చెప్పాలె? నాకు నోరు తిరుగుతలేదు."

"తిరగాలె. తిప్పు. ఇప్పుడు పైకి చూడు. పైకంటే మరీ ఫ్యాన్ దాక కాదు."

ఇద్దరం నవ్వుకున్నాం కూడా. నాలుగు రోజులకు రజితకు పట్టు చిక్కింది. మా ఆయన బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, కంప్యూటర్ సంగతులు ఆయనకు పట్టవు. గదిలోంచి పోతూ ఆగి చూసి, "అరే, నీకు నిజంగనే తెల్వదనుకున్న బిడ్డా. పాపం అనిపించింది," అన్నారు. రజిత మురిసిపోయింది. నాకు సిగ్గేసింది. ఇంతమందికి పని నేర్పిన నేను ఆఖరికి నేర్పుతున్న విద్య ఇది.

కొత్తగా వచ్చేవాళ్లకు

రజిత ఇంటర్వ్యూ సంగతి చెప్పేముందు ఒక మాట. గల్లీలో నన్ను ఆపే పిల్లలు దీన్ని చదివితే, ఈ ఆట ఆడకండి అని నేను చెప్పను. గేటు అక్కడే ఉంది, అందులోంచే పోవాలి. పోండి. కానీ దాన్ని మీ విలువ అనుకోకండి. సెలెక్టయితే మేధావి అయిపోయానని, కాకపోతే పనికిరానని అనుకోకండి. రెండూ అబద్ధాలే. ఎవరైనా రాసిన పాత ప్రోగ్రాము తీసుకుని చదవడం నేర్చుకోండి. అర్థం కానిది అర్థం కాలేదని అనడం నేర్చుకోండి. ఉద్యోగంలో అన్నం పెట్టేది అదే.

రేపు మీరు అవతలి కుర్చీలో కూర్చున్నప్పుడు ఎవరైనా "ఇది నాకు తెలుసు" అంటే, దయచేసి శిక్ష వేయకండి. ఎట్లా తెలుసు, ఎక్కడ వాడావు, ఎక్కడ పనిచేయదు అని అడగండి. మనిషి లోతు అక్కడే తెలిసిపోతుంది. ఇంత చిన్న సంగతి ఇన్ని కంపెనీలకు ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు.

ఆ రోజు

రజిత ఇంటర్వ్యూ మా ఇంట్లోనే ఇచ్చింది, ఆన్‌లైన్‌లో. వాళ్ల ఇల్లు పాల సెంటర్ మీదే, అక్కడ ఒక్క క్షణం నెమ్మది ఉండదు. నేను వంటింట్లో కూర్చున్నాను. కుక్కర్ కూతవేస్తుందని పొయ్యి మీద ఏమీ పెట్టలేదు.

వాళ్లు అడిగిన ప్రశ్న ఏమిటో రాయను. పాపం, ఇంకా అదే అడుగుతూ ఉంటారు. అది రజితకు కొట్టినపిండి. కాసేపు గదిలోంచి ఏ చప్పుడూ రాలేదు. ఈ పిల్ల మళ్లీ "ఇది నాకు తెలుసు" అంటుందేమో అని భయం. అంటే బాగుండునని కూడా ఎక్కడో ఆశ. రెండూ ఒకేసారి ఉన్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి.

తర్వాత రజిత గొంతు వినపడింది, ఇంగ్లీషులో, నేను నేర్పిన రాగంలోనే. మంచి ప్రశ్న అంది. ఇట్లా చేయొచ్చేమో అని తప్పు దారి చెప్పింది. ఆగింది. ఎంతసేపు ఆగమన్నానో అంతసేపే ఆగింది. "ఒక్క నిమిషం, ఇంతకన్నా మంచి దారి ఉన్నట్టుంది," అంది. అవతల ఆయన గొంతులో ఉత్సాహం నాకు వంటింట్లోకి వినపడింది.

వారం తిరగకుండానే ఫోన్ వచ్చింది. అప్పుడు రజిత మా ఇంట్లోనే ఉంది, స్పీకర్ పెట్టింది. హెచ్ఆర్ అమ్మాయి ఉద్యోగం వచ్చిందని చెప్పి, ప్యానెల్ వాళ్లు ఏం రాశారో సంబరంగా చదివి వినిపించింది. సహజమైన ఆలోచన. కొత్త సమస్య ముందు తొణకని ధైర్యం. తన పొరపాటును తానే పట్టుకుని దిద్దుకునే అరుదైన గుణం. రజిత థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది.

నేను లేచి రజితను గట్టిగా పట్టుకున్నాను. మా ఆయన మిఠాయి తెస్తానని చెప్పులేసుకున్నారు. నాకు నిజంగా సంతోషంగానే ఉంది, తన పని తనకు దక్కింది. రజిత మాత్రం ఫోన్ వంకే చూస్తూ కూర్చుంది.

"ఏందే, ఖుషీ లేదా?"

"ఖుషే అక్కా. మస్తు ఖుషీ," అంది. తర్వాత మెల్లగా అంది. "పదకొండేండ్లు పని చేసిన. ఒక్కరన్న నా పని చూసి గింత మంచిగ రాయలే."